బుడగ కోసం

గ్రోనింగెన్‌లో మంగళవారం రాత్రి ఏడింటికి
సైకిల్ షాపు షట్టర్ దించి
గోళ్ల సందుల్లో గ్రీజుతోనే క్లాసుకి వెళ్తాను.
కాలువ మీద వాన. మెట్ల దగ్గర తడి కోట్లు.
పన్నెండు మందిమి మొదలుపెట్టాం, ఇప్పుడు అయిదుగురం.

హిద్దె మాస్టారు బోర్డు పైకొసన మూడు వాక్యాలు రాస్తాడు.
అవి వేళ్లట.
చెట్టేమో కిందికి పెరుగుతుంది,
చూరు నుంచి మంచు కడ్డీ దిగినట్టు.

"రుజువు చేయాలనుకున్న మాటనే
ముందు కాదనండి" అంటాడు.
ఫ్రౌకె పెన్ను కింద పెట్టేసింది:
"నమ్మిన మాటని నేనే కాదనాలా?"
నాకు మాత్రం చప్పున వెలిగింది.
ట్యూబు బాగుందని కస్టమర్ అంటే నమ్ముతామా?
గాలి నింపి, తొట్టి నీళ్లలో ముంచి
చిల్లు ఉందనే అనుకుని తిప్పుతాం, బుడగ కోసం.
చుట్టంతా తిప్పినా బుడగ రాకపోతేనే
ట్యూబు మంచిది.

'మరియు' అయితే ఒకదాని కింద ఒకటి.
'లేదా' అయితే కొమ్మ చీలుతుంది.
చీలని వాటి పని ముందు పట్టండి,
లేకపోతే కాగితం చాలదన్నాడు.
చాలలేదు. మొదటి వారం నా చెట్టు
బల్ల మీదికి పాకింది.
ఒకే దారిలో ఒక మాటా, దాన్ని కాదనే మాటా ఎదురుపడితే
అడుగున ఇంటూ గుర్తు. కొమ్మ మూసుకుపోయినట్టే.
ఇంటూ కొట్టడం ఎంత హాయో!
ఆ హాయిలో పక్క కొమ్మ మీది మాట ఎత్తుకొచ్చి
ఈ కొమ్మను రెండుసార్లు చంపేశాను.
మాస్టారు తుడిచేశాడు:
"పక్కింటి సాక్ష్యం ఇక్కడ చెల్లదు."

ఈ రాత్రి ఎవరి వాదం వాళ్లని తెచ్చుకోమన్నాడు.
నాది మూడేళ్లుగా జేబులో ఉన్నదే.

యెల్మెర్ కోపంగా ఉంటే ఉత్తరం రాయడు.
యెల్మెర్ ఉత్తరం రాయలేదు.
కాబట్టి యెల్మెర్ కోపంగా ఉన్నాడు.

చివరిదాన్ని కాదన్నాను: కోపంగా లేడు.
రాయడానికి చెయ్యి మొరాయించింది.
మొదటి వాక్యం రెండుగా చీలింది.
ఎడమన, కోపంగా లేడు.
కుడిన, ఉత్తరం రాయలేదు.
ఇంటూ ఎక్కడ పడుతుందా అని
వేలితో వేరు దాకా ఎక్కి దిగాను,
గ్రీజు మరక వెంట వచ్చింది.
రెండు కొమ్మలూ తెరిచే ఉన్నాయి.

"తప్పు చేశానా?"
"చెట్టు సరిగ్గానే ఉంది. వాదమే నిలబడలేదు.
తెరిచి ఉన్న కొమ్మను చదవండి."

ఉత్తరం లేదు. కోపమూ లేదు.
అలాంటి లోకం ఒకటి ఉండొచ్చట.
అందులో నా తమ్ముడు ఇసుక తోడే ఓడ మీద
బూట్లు విప్పి కూర్చుని
ఏం రాయాలో తోచక నిద్రపోతాడు.
అదే నిజమని మాత్రం చెట్టు అనదు.
"మరి మొదటి వాక్యం ఎవరు చెప్పారు?" అంది ఫ్రౌకె.
దాన్ని కూడా చెట్టు అడగదు.
పదిహేనో నంబరు స్పానరు బల్ల మీద పెట్టి
వాడు వెళ్లిపోయిన సాయంత్రం
నాకు నేనే చెప్పుకున్నాను.

షాపులో లైటు వేశాను. తొట్టిలో ఎవరిదో ట్యూబు.
కాగితం అడుగున నాలుగు వేళ్ల జాగా మిగిలింది.
'యెల్మెర్' అని రాశాను.
ఈ మూడేళ్లూ నేనూ రాయలేదన్న వాక్యం
ఎక్కడ పెట్టాలో తెలియలేదు.
పెన్ను గ్రీజు మీద జారుతోంది.