ఒక్క కాయితమంత ఖాళీ

వేలు మళ్లా పెట్టు బిడ్డా, అన్న.
మిషిను ఒప్పుకోలే.
మూడోపారి గుడ ఎర్ర లైటే.

పరకాల అవతల చేన్లల్ల
పత్తి ఏరిన బొటనవేలు.
గీతలన్నీ గింజల వెంట
జిన్నింగు మిల్లుకు వోయినట్టున్నయ్.
"నెత్తికి రాసి పెట్టు" అన్న.
కొబ్బరినూనె తడికి
సర్కారు గుర్తువట్టింది:
సిలువేరు స్వరూప, బీకాం రెండో ఏడు, వెరిఫైడ్.

వెరిఫైడ్ అంటే పైసలొచ్చినట్టు గాదు.
టోకెన్ వడ్డా వచ్చినట్టు గాదు.
పోయినేటి టోకెన్లు ఇంకా
ట్రెజరీ మెట్ల మీదనే కూసున్నయ్.

నా ఎన్క బీరువల
మూడొందల పదారు టీసీలు, మెమోలు,
కలరా ఉండల వాసనల.
తాళంచెవి నా మొల్తాడుకు.
బాకీ తీరనిది ఇయ్యొద్దని సారు మాట.
సారుకు సర్కారు బాకీ,
నాకు సారు నాలుగు నెల్ల జీతం బాకీ.
ఎవలి టీసీ ఎవలు వట్టుకున్నరో!

ఇయ్యాల పొద్దుగాల
హన్మకొండల నౌకరి ఇంటర్వ్యూ ఉన్నదని
గుగులోతు తిరుపతి ఒరిజినల్ అడిగిండు.
"అయిదింటికల్లా తేవాలె" అని
రిజిస్టర్ల రాయకుంటనే ఇచ్చిన.

అయిదయింది. ఆరయింది.
స్వీపర్ మల్లికాంబ ఫ్యాన్లు బందు వెట్టింది.
బీరువల ఒక్క కాయితమంత ఖాళీ.
దాన్నే చూస్కుంట కూసున్న,
వాడు రావద్దని మొక్కుకుంట.