మర దగ్గర తడి

కంబాలకొండ వెనకవైపు
చెక్‌డ్యామ్ దాటాక కుడిచేతి వాగులో
సీసా ముంచాను.
బుడబుడమంటూ మింగింది.
మూతికి తువ్వాలు నాలుగు మడతలు పెట్టాను,
మొన్నటి వాన తెచ్చిన ఎర్రమట్టి
గుడ్డ మీదే ఆగిపోయింది.
గుడ్డ ఆపలేనిదీ ఒకటుంటుంది.
దానికోసమే రేకు చీటీ చించాను,
చొక్కా గుండీ కంటే చిన్న గోలీ.

స్టీలు అడుగున పడి
టింగుమంది.
వాచీ చూశాను, ఏడూ పది.

గౌరీసు తన సీసా చాపాడు.
అల్యూమినియంది, నడుం దగ్గర సొట్ట,
పూర్ణామార్కెట్లో బేరమాడి కొన్నది.
"నాకూ ఓటి ఎయ్యి గురూ."
వెయ్యనన్నాను.
ముప్పై ఒక్క ఏళ్లు షిప్‌యార్డులో
ఓడల అడుగు రేకుల మీద టార్చి వేసి
సూదిమొన గుంటలు లెక్కపెట్టినవాణ్ణి.
ఉప్పు లోహాన్ని ఎలా కొరుకుతుందో తెలుసు,
క్లోరిన్ దానికి దగ్గర చుట్టం.
పూత లేని రేకు కనబడితే
మందు దాంతోనే తగువు పెట్టుకుంటుంది,
ఇక నీళ్ల సంగతి ఎవరు చూస్తారు?

"అయితే నానేటి తాగాల?"
"నాదే, చెరిసగం. అరగంటాగు."
"అరగంటే!"
రాయి మీద కూలబడ్డాడు
పెళ్లిలో ఆఖరి బంతికి మిగిలిపోయినవాడిలా.

ప్లాస్టిక్ సీసాలో అయితే కరగడం కనిపించేది.
స్టీలు ఏదీ బయటపెట్టదు.
చెవికి ఆనించుకున్నాను.
లోపల ఎవరో
సన్నగా సుయ్‌మంటున్నారు.

ఐదు నిమిషాలకి
మూత కాస్త వదులు చేసి సీసా వంచాను.
మర సందుల్లోంచి చుట్టూ కారి
వేళ్లు తడిశాయి.
"ఏటది, పారబోత్తన్నావా?"
"ముంచినప్పటి పచ్చినీళ్లు మరలో దాక్కుంటాయి.
తాగేటప్పుడు పెదవికి తగిలేవి ముందు అవే."
మూత బిగించాను.
తడి వేళ్లు ముక్కుదాకా తెచ్చాను,
ఎందుకు తెచ్చానో.

మా అమ్మ నూకరత్నం చెయ్యి.

చెంగలరావుపేట సందుల్లో
తెల్లారకముందే ముగ్గు వేసినట్టు
కాలవల గట్టున బ్లీచింగు చల్లే చెయ్యి.
ఎంత తోమినా వాసన పోయేది కాదు.
ఆ చేత్తో కలిపిన చారన్నం ముద్ద
నోటిదాకా వస్తే
నేను మొహం పక్కకి తిప్పుకున్నాను,
ఒకసారి కాదు.
బడిలో పేరు పెట్టారు నాకు, అది రాయను.

వాంతులూ విరేచనాలూ పట్టిన ఏడు
మా వరసలో తొమ్మిది గడపలు.
అమ్మ కాగితం పొట్లంలో తెచ్చిన చిటికెడు పొడి
గిన్నెలో తేర్చి, పై తేట బిందెలో పోసి,
ఆ తేటలోనే వేలు ముంచి
బిందె అంచు చుట్టూ రాసేది.
గరిటె పట్టుకుని కాపలా కూర్చునేది.
ఇంట్లో గడియారం లేదు.
"పోర్టు సైరన్ కూసేదాకా ఎవడైనా ముట్టుకున్నాడో!"
దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి
ఆ సైరన్‌ని ఎన్ని తిట్లు తిట్టానో.
మా గడప మాత్రం ఎవరూ దాటి పోలేదు.
అది అమ్మ చలవని
అప్పుడెవరూ అనలేదు, నేను కూడా.

ఇక్కణ్ణించి చెట్ల సందులో సముద్రం కనిపిస్తోంది,
అన్ని నీళ్లు,
ఒక్క గుక్కకీ పనికిరావు.
ఏదో ఓడ లంగరు వేసుకుని బెర్తు కోసం చూస్తోంది,
గౌరీసు లాగే.

ఏడూ నలభై ఐదు.
"తాగు" అన్నాను.
గటగటా తాగి మూతి చిట్లించాడు.
"మందు కంపు కొడతన్నాది గురూ!"
నా వంతు వచ్చింది.
మొదటి గుక్క చల్లగా దిగింది.
రెండోదానికి ముందు
సీసా మూతి కాసేపు
ముక్కు దగ్గరే ఆపుకున్నాను.

గౌరీసు తన ఖాళీ సీసాతో
రాయి మీద రెండు దెబ్బలు వేశాడు.
"పద పద, ఎండెక్కిపోతంది."