అవివాహితుడు

సొనోమా బులెవార్డ్ మీద
డోనట్ల కొట్టుకు పైన ఆమె ఆఫీసు.
మెట్లెక్కుతుంటే మరిగే నూనె వాసన,
అమ్మ మోకాలి చప్పుడు.

ఈమె దొరికేలోగా ముగ్గుర్ని మార్చాం.
మొదటివాడు చర్చి కరపత్రం వెనక పేజీలో దొరికాడు,
ఆరువందల డాలర్లు తీసుకుని
మా ఇంటిపేరులో ఒక అక్షరం మింగేశాడు.
రెండో ఆయనది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇరవయ్యో అంతస్తు,
ఫోనెత్తితే మీటరు తిరిగేది.
మూడో మనిషి అసలు లాయరే కాదని
పోలీసులొచ్చాక తెలిసింది.

ఈమె పేరు యోలాండా ఫ్రియాస్.
నర్సింగ్‌హోమ్‌లో నాతో రాత్రి డ్యూటీ చేసే ఫ్లోర్దెలిసా చెప్పింది:
"తెలియకపోతే తెలియదంటుంది. అందుకే వెళ్లు."

అమ్మ సంచిలోంచి పదిహేనేళ్లు తీసి బల్ల మీద పెట్టింది.
రబ్బరు బ్యాండు తెగింది.
రసీదు, తమ్ముడు రోడెల్ పుట్టిన పత్రం,
బోలినావ్ మునిసిపాలిటీ ముద్ర మీద
తుపానులో తడిసి ఆరిన చారలు.
నెలనెలా సర్కారు వదిలే తేదీల పట్టీని
అమ్మ, నాన్న ఆటుపోట్ల లెక్క చూసుకున్నట్టు చూసేది.
ఒక నెల మూడు వారాలు ముందుకు,
ఇంకో నెల ఏడాది వెనక్కి.
వచ్చే వసంతానికి మా తేదీ ఒడ్డుకొస్తుంది.
ఫారాలు నింపితే చాలు.

లాయరు తలెత్తకుండానే అడిగింది,
ఫారం మీద అచ్చయి ఉన్న ప్రశ్నే:
"అబ్బాయికి పెళ్లయిందా?"

నేను నవ్వాను.
"లేదండీ, నలభై రెండొచ్చాయి,
పడవ ఇంజన్లతోనే వాడి కాపురం."
అమ్మ నీళ్లు నమిలింది.
కింద వీధిలో ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు.
"మీరు చెప్పండమ్మా," అంది లాయరు, నన్ను పక్కన పెట్టి.

అప్పుడు అమ్మ తగలోగ్‌లో కూడా కాదు,
మా ఊరి మాటల్లో,
నా వైపు చూడకుండా నాతోనే చెప్పింది:
తొమ్మిదేళ్ల కింద, జనవరిలో, చీకటుండగానే.
సాక్షులిద్దరు. ఫొటో ఒక్కటి,
అదీ బియ్యం డబ్బా అడుగున.
ఫోన్లో నేను "రోడెల్ స్నేహితురాలు" అని పలకరించే నెనిత
వాడి భార్య.
పక్కింటి పిల్లలని వాడు చూపించే ఇద్దరి నుదుళ్లూ
మా నాన్నవేనని
ఎన్నిసార్లు అనుకుని ఊరుకున్నానో.

ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను.
చాలాసేపు పట్టింది. వాక్యం చిన్నదే.

యోలాండా కలానికి మూత పెట్టింది.
"గ్రీన్‌కార్డున్న తల్లి పెళ్లికాని కొడుక్కి వేసిన అర్జీ ఇది.
పెళ్లయిన రోజే చచ్చిపోయింది.
ఎవరూ ఉత్తరం రాయరు, దానంతటదే పోతుంది.
పెళ్లికి ముందే మీరు పౌరసత్వం తీసుకుని ఉంటే బతికేది."
కాసేపాగి,
"ఈ గడిలో నేను అబద్ధం రాయను.
వాణ్నీ చెప్పనివ్వకండి, ఉన్న తలుపూ మూసుకుపోతుంది.
ఇప్పుడు పౌరసత్వం తీసుకుంటే
పెళ్లయిన కొడుకులకి వేరే వరుస ఉంది.
చిట్టచివర నిలబడాలి."
"ఎన్నాళ్లు?"
"ఇరవై ఏళ్లు దాటొచ్చు. నిజంగా నాకు తెలియదు."

అమ్మకి డెబ్బై మూడు.
తొమ్మిదేళ్లుగా లేని వరుసలో నిలబడి
కాళ్లు వాచాయి మాకు.

ఏడుస్తుందనుకున్నాను.
కాగితాలు ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంటూ
"అయితే ఇక దాచనక్కర్లేదా?" అంది.
లాయరు నా వైపు చూసింది.
ఆ మాట మాత్రం మార్చి చెప్పలేదు నేను.

కిందకొచ్చి రెండు డోనట్లు కొంది.
కొట్టావిడ కాంబోడియా మనిషి,
మూడోది ఊరికే వేసింది.
అక్కడ అప్పుడే తెల్లారుతోంది.
మూడో రింగుకి నెనిత ఎత్తింది.
పౌరసత్వం ఫారం మీద చక్కెర రాలుస్తూ
అమ్మ గట్టిగా, వీధంతా వినేట్టు,
"కోడలా," అంది.
"ఆ ఫొటో పెద్దది చేయించి పంపు."

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు.
తర్వాత స్టవ్ కట్టేసిన చప్పుడు.