అనుబంధ శాఖ

మెట్ల కింద మా వంటగది.
మెట్ల పైన వాళ్ల సోదర సంఘం,
నూట పదిహేడో నంబరు లాడ్జి.

స్లొవేనియా నుంచి ఓడెక్కి
మిన్నెసోటా మంచులో ఇనుపరాయి తవ్వినవాళ్లు
పెట్టుకున్నది.
మనిషికి నెలకి యాభై సెంట్లు.
గని పైకప్పు కూలిన రోజున
పెట్టె ఖర్చు, పూడ్చే ఖర్చు,
పెళ్లానికొక కవరు.
ఆ కవరు మా అమ్మకి రెండుసార్లు వచ్చింది.
రెండోసారి సంతకం వణకలేదనేది,
గొప్పకి కాదు, ఊరికే.

చిట్టాలో మా నాన్న పేరు ఎర్ర సిరాతో కొట్టేశారు.
మారుతండ్రి పేరు నీలం సిరాతో.
ఆ ఏడు ఎర్ర సిరా అయిపోయిందట.

ఆడవాళ్లకి పైన ప్రవేశం లేదు.
అనుబంధ శాఖ అని పేరుపెట్టి
మాకొక ముద్ర, ఒక జెండా, నలభై గరిటెలు ఇచ్చారు.
జెండా కుట్టుకున్నది మేమే.
గరిటెలు కొనుక్కున్నదీ మేమే.
వాళ్లిచ్చింది పేరొక్కటే,
ఆ పేరులో ఏముందో
పెట్టినవాళ్లకి తెలిసినట్టు లేదు.

పైవాళ్ల పట్టు జెండా కూడా మేమే కుట్టాం.
కలుపుకున్న రెండు చేతులు.
వేళ్లు నెజా కుట్టింది, లాంతరు వెలుగులో,
పిల్లకి పాలిస్తూ.
ఒక చేతికి ఆరు వేళ్లు పడ్డాయి.
డెబ్బై ఏళ్లు దానికింద నిలబడి ప్రమాణాలు చేశారు,
ఒక్కడూ లెక్కపెట్టలేదు.

గోడలకి చెవులుంటాయంటారు.
మా గోడకి నోరుండేది.
తాడు లాగితే పళ్లేలు పైకి వెళ్లే చెక్కపెట్టె,
దాని బోలు దారి.
వాల్‌నట్ రొట్టెలు పైకి వెళ్లేవి,
మాటలు కిందికి దిగేవి.
ఎవడు చందా ఎగ్గొట్టాడో
ఎవడి ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందో
వాడి భార్యకంటే ముందు మాకు తెలిసేది,
ఒక్కోసారి ఆ భార్య మా పక్కనే
ఉల్లిపాయలు తరుగుతూ ఉండేది.
ఉల్లిపాయల దగ్గర కళ్లనీళ్లకి
ఎవరూ కారణం అడగరు.

సమ్మె నెలల్లో నిధి తెరవాలా వద్దా అని
పైన మూడు రాత్రులు వాదించుకున్నారు.
రెండో రాత్రికే కింద
తొంభై మందికి సూప్ పోశాం.
చిట్టాలో మాత్రం
తీర్మానం తర్వాతే వాళ్లకి ఆకలి తీరింది.

ఇప్పుడు గని నిండా నీళ్లు, నీలంగా.
పిల్లలు దానిమీద పడవలేస్తారు.

కేంద్ర కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది:
సమావేశానికి ఐదుగురు లేకపోతే
అధికార పత్రం వెనక్కి పంపండి.
జనవరి. ఉమ్మితే గడ్డకట్టే చలి.
పైన లుడ్విక్, విన్కో,
చెవులు వినపడని యెర్నె.
కింద మేం ఐదుగురం, ఒక కుండ.

బల్లమీద సుత్తి మూడు దెబ్బలు.
"సంకేత పదం?" అన్నాడు లుడ్విక్.
విన్కో మరిచిపోయాడు.
యెర్నెకి ప్రశ్నే వినపడలేదు.
అడిగినవాడికైనా గుర్తుందో లేదో.
బోలు దారిలోంచి
నిశ్శబ్దం చల్లగా దిగింది,
కుండమీద మూత ఎగిరెగిరి పడుతోంది.

తల లోపలికి దూర్చి
ఆ మాట పైకి పంపాను.

అదేమిటో మీకు చెప్పను.
మేమెవరం ప్రమాణం చేయలేదు.
అయినా చెప్పను.

చాలాసేపటికి లుడ్విక్ గొంతు:
"కింద ఎవరు?"
ఆచారం ప్రకారం జవాబు 'సోదరుడు'.
"రొట్టె చల్లారిపోతోంది" అన్నాను.

పద్దెనిమిది మెట్లు.
ఇవాంకా మోకాలికోసం రెండుచోట్ల ఆగాం.
తలుపు విన్కో తీశాడు,
ఏప్రాన్లు చూసి టోపీ తీశాడు.
లుడ్విక్ కళ్లజోడు తుడిచి, మళ్లీ తుడిచి,
పెన్సిలు నాలుకకి తాకించి
హాజరు: ఎనిమిది అని రాశాడు.

నిబంధనల ప్రకారం మేం లెక్కలోకి రాము,
అతనికీ తెలుసు.
ఉత్తరం పోస్టు చేసి నెలయింది.
జవాబింకా లేదు.

ఆ రాత్రి తినేటప్పుడు
జెండాకేసి చూస్తూ కూర్చున్న యెర్నె
వినపడనివాళ్లు అరిచినట్టే అరిచాడు:
"ఆరు వేళ్లున్నాయే!"
నెజా మనవరాలు
సూప్ ఇంకో గరిటె పోసింది.