ఆకు పుట్టకముందు

ఊళ్ళో ఇంకా మంచు కరగలేదు.
చర్చి మెట్ల మీద ఉప్పు చల్లుతున్నారు,
రిబ్నిక్ బస్సు మళ్ళీ ఆలస్యం.
గని వెనక గుట్ట మీద మాత్రం
ఓ పక్కన నల్లనేల బయటపడింది,
బండి విప్పిన గుర్రం వీపులా ఆవిరి కక్కుతూ.

లోపల మండుతోందట, నలభై ఏళ్ళుగా.
బొగ్గు ఉంచుకుని రాయి పారబోశారు కదా,
ఆ రాయికంటిన పొడి
ఎవరూ వెలిగించకుండానే రాజుకుంది.

అందుకే పొద్బియాల్ అక్కడే ముందు పూస్తుంది.
పొలుసుల కాడ, దాని నెత్తిన పసుప్పచ్చ బొత్తాం.
ఎండొస్తే విప్పుకుంటుంది, మబ్బేస్తే మూసుకుంటుంది.
పేరుకి అర్థం "అడుగున తెల్లనిది" అని.
పేరేమో ఆకుది.
ఆకింకా పుట్టలేదు.

ఎర్రిటుకల వరసలో మా పక్క గుమ్మం త్రూదాది.
మార్చి మొదటి ఆదివారం ప్రార్థన ముగిశాక
మంచి బూట్లు విప్పి రబ్బరు బూట్లు తొడిగి
పాల క్యానుతో గుట్టెక్కేది.
వెనకాల నేను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
"తల ఒక్కటే తెంపు, కాడొద్దు.
కాలికి వేడి తగిలిన చోట నిలబడకు."

ఒక వరస పూలు, ఒక వరస పంచదార,
సీసాలో కుక్కి కిటికీలో పెడితే
మూడు వారాలకి గోధుమరంగు పాకం.
అలోయిజ్‌కి పొద్దునో చెంచా, రాత్రో చెంచా.
ముప్పై ఒక్క ఏళ్ళు గనిలోకి దిగిన మనిషి.
ఆయన దగ్గితే గోడకివతల
మా పళ్ళాలు గలగలమనేవి.
వేసవిలో అదే మొక్క ఆకులెండబెట్టి
చుట్ట చుట్టుకుని చాటుగా కాల్చేవాడు.
"పువ్వు మందైతే ఆకు విషమా?"
త్రూదా జవాబు చెప్పేది కాదు. సీసా మూత బిగించేది.

నవంబరులో ఒక రాత్రి
పళ్ళాలు కదల్లేదు.

ఈ మార్చిలో కిటికీలోంచి చూశాను.
అవే రబ్బరు బూట్లు, అదే క్యాను.
పరుగెత్తి అందుకున్నాను గానీ ఏమడగాలో తెలీలేదు.
ఆవిడే అంది, నా వంక చూడకుండా తెంపుతూ,
"ఈ వేడి ఎవరిదనుకున్నావు?
ఆయన తవ్వి పైకి పంపిందే కదా."
క్యాను సగం నిండాక ఆగి, వంగి,
అరచెయ్యి నేలకానించి
జ్వరం చూసినట్టు చాలాసేపు ఉంచింది.

సీసాలు ఈసారి నాలుగే.
ఒకటి మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది.
మా ఇంట్లో ఎవరికీ దగ్గు లేదు.

పూలన్నీ నెరిసి గాలికి పోయాక,
ఏప్రిల్ చివర, ఆకులు లేచాయి, గిట్టలంతేసి.
ఒకటి తిప్పి చూశాను:
అడుగున తెల్లటి నూగు,
రెండ్రోజులు గీయని గడ్డం.
కోసి జేబులో పెట్టుకున్నాను.
ఎండబెట్టాలి.
త్రూదాకి చెప్పను.