నేల తగలగూడదు

భీమునివారిపాలెం రేవుకు ఎదురుగా
మూడు బొంగులు నాటినారు సరస్సులో,
ఎర్రగుడ్డ, పచ్చగుడ్డ, మళ్లీ ఎర్రగుడ్డ.
మూడింటినీ ఎడంచేతికి పెట్టుకొని తిరిగి రావాల,
అంతే పందెం, అన్నాడు మద్రాసు క్లబ్బాయన
మైకులో, చెమట తుడుచుకుంటా.
పులికాట్ మీద ఎడంచెయ్యి యాడుండాదో
గాలి కదా చెప్పాల్సింది.

పాలేనికొక జంటపడవ అప్పిచ్చినారు.
జంటపడవంటే రెండు దోనెలు, నడాన ఒక వల,
చేపలకు కాదు, మనం కూసునేదానికి.
పడవల వడ్రంగి ఏకాంబరం మొదటిరోజే నవ్వినాడు:
"మా తాత నాలుగు దుంగలు తాళ్లతో బిగించి
కట్టుమాను అన్నాడు, సముద్రానికి పోయినాడు.
వీళ్లు రెండే కట్టి క్యాటమరాన్ అంటా
మనకే నేర్పిస్తా ఉండారు."
నవ్వినాడే గానీ
ఆ ప్లాస్టిక్ ఒళ్లు నిమిరి నిమిరి చూసినాడు
కోడెదూడను బేరమాడేవోడి మాదిరి.

నా పని బరువు.
చుక్కాని ఆయనది, చాపతాడు ఆయనది.
గాలికి లేచే పక్కకు నేను పోయి
చీర మీద లైఫ్ జాకెట్, నడుముకు కొక్కెం,
నీళ్లమీదికి వెల్లకిలా వాలాల.
ఇరవై ఏళ్లుగా రొయ్యల కోసం నీళ్లలోకి వొంగినదాన్ని,
నీళ్లకు వీపు చూపించింది ఇదే మొదలు.
ఆకాశం అంత పెద్దదని
నాకెవురూ చెప్పలా.

ఈల ఊదినారు. పద్నాలుగు పడవలు.
తూర్పుగాలి ఇరకం దీవి మీంచి
ఎండుచేపల వాసన మోసుకొని వొచ్చె.
మొదటి గుడ్డ కాడ మేం తొమ్మిదో వాళ్లం.
రెండో గుడ్డకు ఒక దోనె నీళ్లొదిలి పైకి లేచె,
నా కడుపులో ఇంకోటేందో లేచె.
"వాలు, ఇంకా వాలు మస్తానమ్మా!"
వాలినా. కొప్పు సరస్సులో తడిసె.
పక్షుల గుంపొకటి, ఎర్రటి కాళ్లు,
మా తలకాయల మీంచి పోయె, చూసే తీరిక లేదు.
మేం దాటేసిన పడవలో నల్లద్దాల పిల్లోడు
మమ్మల్ని అట్టే చూస్తా ఉండాడు,
బస్సు తప్పిపోయినోడి మాదిరి.
నాలుగు. మూడు. రెండు.
శ్రీహరికోటలో లెక్కపెట్టినట్టే.
మా ముందర ఒకే ఒక్క తెల్లచాప.

అప్పుడు గాలి పడిపోయె.

ఎవురో తలుపేసినట్టు కాదు,
మాట్లాడతా మాట్లాడతా ముసలామె నిద్రపోయినట్టు.
మా చాప ఆరేసిన పంచె అయిపోయె.
మూడో గుడ్డ ఇరవై బారల దూరం.
తెల్లచాప కూడా నిలబడిపోయె,
అందరం నిలబడిపోయినాం
తిరణాళ్ల అంగట్లో బొమ్మపడవల మాదిరి.
కిందికి చూస్తే నా నీడ పడిన కాడ
బురద కనపడతా ఉండాది, నత్తగుల్లలు కనపడతా ఉండాయి.
మోకాలి లోతు.

నేనేం ఆలోచించలా సామీ.
కొక్కెం ఊడబెరికినా, చీర ఎగగట్టినా, దిగినా, తోసినా.
పడవ నిలబడితే దిగి తోస్తారు.
మా అమ్మ తోసింది, మా అవ్వ తోసింది.
ఈడ పడవంటే సగం నీళ్లది, సగం కాళ్లది.
సల్లటి బురద వేళ్ల సందుల్లోంచి పైకొచ్చె.
ఏకాంబరం "వొద్దు, వొద్దు" అని అరస్తా ఉండాడు,
నాకు "ఒడ్డు, ఒడ్డు" అని వినపడె.
ఇంకా గట్టిగా తోసినా.

గెలిచినాం. అంటే, ముందర వొచ్చినాం.
క్లబ్బాయన అట్టముక్క తీసి చదివినాడు:
కాలికి నేల తగలగూడదు, రూలు పదకొండు.
మా పేరు కొట్టేసినాడు.
పాపం, నొచ్చుకుంటానే కొట్టేసినాడు.

ఏకాంబరం రెండు రోజులు మాట్లాడలా.
మూడోరోజు నా రొయ్యల బుట్ట కాడికొచ్చి
బీడీ ముట్టించుకున్నాడు.
"ఆ రూలు రాసినోడు
ఈ నీళ్లలో ఎప్పుడన్నా దిగినాడా?"
"వొచ్చే ఏడు?" అన్నా.
"వొచ్చే ఏడు నీ కాళ్లు కట్టేస్తా."

ఆయన పోయినాక
బుట్ట గట్టున పెట్టి, ఎవురూ లేరని చూసుకొని,
నీళ్లమీదికి ఇంకొకతూరి వెల్లకిలా వాలినా.
తాడు లేదు కదా.
పడినా.