నాలుగుకీ అయిదుకీ మధ్య

అల్మాడాలో లిఫ్టులు
సరిగ్గా జనం తిండి వేళకే ఆగిపోతాయి.
ఇరవై రెండేళ్లుగా బాగుచేస్తున్నాను,
వాటికీ నా కడుపుకీ ఏదో పాత పగ.

ఆ రాత్రి తొమ్మిదీ ఇరవై.
స్టవ్ మీద నీళ్లు పెట్టి
రొట్టె అందుకోబోతుంటే ఫోన్.
స్టవ్ ఆర్పేశాను.
నేను బూట్లు తొడుక్కున్నంత సేపూ
నీళ్లు లోపల సణుగుతూనే ఉన్నాయి.

పదకొండు అంతస్తులు, కిటికీలన్నీ నది వైపు.
నాలుగుకీ అయిదుకీ మధ్య పెట్టె ఇరుక్కుంది
గొంతులో అడ్డం పడ్డ ముద్దలా.
తలుపు సందులోంచి ఒక ఆడగొంతు:
"ఊపిరి ఆడుతోంది. భయమేం లేదు. ఆకలి, అంతే."

పేరు జుల్మీరా అట.
ఆసుపత్రి లాండ్రీలో రోజుకి నాలుగు వందల దుప్పట్లు.
మధ్యాహ్నం నిలబడి తిన్నది రెండు బిస్కెట్లు.

సంచిలో ఏముందని అడిగాను.
మాట్లాడిస్తూ ఉండాలి,
మా పనిలో స్క్రూడ్రైవర్ కంటే ముందు నేర్పేది అదే.
"మొన్నటి రొట్టె, సగం ధరకి. కొత్తిమీర కట్ట.
నాలుగు గుడ్లు. కాదు, మూడు. ఒకటి ఇప్పుడే పగిలింది."
"వెల్లుల్లి?"
"ఇంట్లో ఉంది. అదొక్కటీ ఎప్పుడూ ఉంటుంది."
"మరింకేం కావాలి?"
"వండే ఓపిక."

అప్పుడు చెప్పాను,
టార్చి పళ్ల మధ్య ఉంది కనక సగం మాటలు నమిలేస్తూ:

రెండు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు కొత్తిమీర,
రాళ్ల ఉప్పు, రోట్లో వేసి దంచండి.
రోలు లేకపోతే గ్లాసు అడుగుతో నలపండి.
మెత్తగా వద్దు. కచ్చాపచ్చాగా చాలు.
ఆలివ్ నూనె, మీ జీతం ఒప్పుకున్నంత.
మరిగే నీళ్లలోకి గుడ్డు జార్చండి
ఒళ్లో నిద్రపోయిన పిల్లని మంచం మీదికి జార్చినట్టు.
మూడు నిమిషాలు.
గుడ్డు తీసి ఆ నీళ్లే
పచ్చటి ముద్ద మీద పొయ్యండి.
వాసన లేచి పక్కింటి వాళ్లని కూడా పలకరిస్తుంది.
ఎండు రొట్టె తుంచి వెయ్యండి.
కత్తి ముట్టుకోకండి, చేత్తోనే.

"అంతేనా?"
"అంతే. పది నిమిషాలు.
మా అలెంతేజు కూలీల తిండి.
మా అమ్మమ్మ అయితే గుడ్డు కూడా లేకుండా చేసేది,
ఉందనుకుని తినమనేది."

లోపల నవ్వు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
"ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించడం
దండగ అనిపిస్తుందండీ."

ఒక్కరు ఎక్కినా లిఫ్టు కదలాల్సిందే కదా,
అనాల్సింది నేను.
ఈ మాట తట్టింది ఇంటికెళ్లే దారిలో,
మూడో ట్రాఫిక్ లైటు దగ్గర.
అక్కడ అన్నది మాత్రం:
"బ్రేక్ వదులుతున్నాను, కడ్డీ పట్టుకోండి."

పెట్టె జానెడు జానెడుగా దిగింది.
ఆమె బయటికొచ్చి చెయ్యి కలిపింది,
వేళ్లకి గుడ్డు సొన.
ఏడో అంతస్తుకి మెట్లెక్కే వెళ్లిపోయింది,
నా పనితనం మీద నమ్మకం అంత మరి.

ఇంటికి చేరేసరికి పదకొండు.
నీళ్లు చల్లారి అమాయకంగా చూస్తున్నాయి.
పడుకుందామా అనుకున్నాను,
బిస్కెట్ల డబ్బా మీద చెయ్యి కూడా వేశాను.
సిగ్గేసింది.
రోలు దించాను.

మూడు నెలలకి మళ్లీ ఆ భవనం, మామూలు తనిఖీ.
మీటల పలక విప్పితే
వైర్ల మధ్య మడిచిన చీటీ.
సందులోంచి ఎలా దూర్చిందో ఆవిడ:
"మొదటిసారి ఉప్పు కషాయం.
రెండోసారి ఫరవాలేదు.
రొట్టె ముద్దయిపోతోంది, ఎందుకు?"

రికార్డు పుస్తకంలో రాశాను:
తాళ్లు సరిగా ఉన్నవి. బ్రేకు సరిగా ఉన్నది.
పట్టాలకి నూనె వేయడమైనది.
ఇతర వివరాల గడిలో,
మా ఇన్‌స్పెక్టర్ ఏమనుకున్నా సరే:
రొట్టె ఇంకో రోజు ఎండాలి.
ఏడో అంతస్తుకి తెలియజేయగలరు.